జీపు బ్రేకు పెడల్ కిందికి దిగుతోందా? విప్పకముందే కారణం పట్టండి

ఊళ్ళలో పాత జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒకప్పుడు శాఖల వేలంలో కొన్నవి కొన్ని, చేతులు మారి మారి వచ్చినవి కొన్ని. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొనుక్కున్నవీ ఉన్నాయి. కూరగాయల గంపలు సంతకు చేర్చాలన్నా, ఎరువు బస్తాలు తేవాలన్నా, మిరప కోతకు కూలీలను తోలుకుపోవాలన్నా ఆ బండే దిక్కు. మన దేశంలో విల్లీస్ జీపుల బిగింపు 1947లో మొదలైంది. ఆ తరహా బండ్లకు ఇంజన్లు మారాయి, పేర్లు మారాయి. కానీ పాత మోడళ్ళలో బ్రేకు తీరు మాత్రం చాలాకాలం దాదాపు అదే. నాలుగు చక్రాలకూ డ్రమ్ములు, లోపల షూలు, వాటిని తోసే ఆయిల్.

ఈ బండ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పెడల్ తొక్కితే సగం పైగా కిందికి పోతుంది, అప్పుడుగానీ బ్రేకు పట్టదు. ఇంకోసారి తొక్కితే పైనే పట్టుకుంటుంది. “ఏం కాదులే అన్నా, రెండుసార్లు తొక్కితే ఆగుతుంది” అని డ్రైవరు సర్దిచెబుతాడు. ఆ మాటే ప్రమాదం. బర్రె అడ్డం వచ్చినప్పుడు, పిల్లవాడు రోడ్డు మీదికి ఉరికినప్పుడు రెండోసారి తొక్కే వ్యవధి ఉండదు. వెనక పదిమంది కూర్చున్న బండిని పాడేరు ఘాట్‌లోనో, దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లోనో దించుతున్నప్పుడు ఆ ఒక్క తొక్కుడు మీదే అందరి ప్రాణాలూ ఉంటాయి.

పెడల్ కిందికి దిగడం జ్వరం లాంటిది. అదే రోగం కాదు, లోపల ఉన్న రోగానికి గుర్తు. కారణాలు నాలుగైదు ఉన్నాయి. ఏది మీ బండిలో ఉందో ఒక్క బోల్టు కూడా విప్పకుండా, కేవలం కాలితో తొక్కి చాలావరకు తెలుసుకోవచ్చు. అది తెలియకుండా సామాను మారిస్తే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

బ్రేకు ఎలా పట్టుతుంది?

పెడల్ తొక్కినప్పుడు దాని రాడ్డు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. పాత జీపుల్లో ఈ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, ఫ్లోరు రేకు అడుగున ఉంటుంది. అక్కడి నుంచి ఆయిల్ సన్నని గొట్టాల ద్వారా ప్రతి చక్రం దగ్గరున్న వీల్ సిలిండర్‌కు చేరి, రెండు షూలను రెండు పక్కలకు తోస్తుంది. షూ మీది లైనింగ్ తిరుగుతున్న డ్రమ్‌కు ఒత్తుకుంటే బండి ఆగుతుంది. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి, ఆయిల్ తిరిగి మాస్టర్ సిలిండర్‌కు వస్తుంది.

ఆయిల్‌ను నొక్కితే కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు. పెడల్ కిందికి దిగిందంటే మూడింటిలో ఒకటి జరుగుతోంది. షూ డ్రమ్‌ను చేరడానికి ఎక్కువ దూరం నడవాల్సి వస్తోంది, లేదా గొట్టాల్లో గాలి ఉంది, లేదా ఆయిల్ ఎక్కడో తప్పించుకుపోతోంది.

బాగా పాత మోడళ్ళలో నాలుగు చక్రాలకూ కలిపి ఆయిల్ దారి ఒకటే. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. తర్వాతి మోడళ్ళలో ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు దారులు పెట్టారు. మీ బండి ఏ రకమో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

కాలితో చేసే పరీక్షలు

బండిని చదునైన చోట నిలపాలి. ఇంజన్ ఆపాలి. చక్రాలకు ముందు, వెనక రాళ్ళు పెట్టాలి. బ్రేకు బూస్టర్ ఉన్న బండి అయితే ముందు నాలుగైదుసార్లు తొక్కి అందులోని వ్యాక్యూమ్ ఖాళీ చేయాలి.

మొదటి పరీక్ష: పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూడండి. పైన కొంచెం దూరం ఏ బరువూ లేకుండా వదులుగా కదలాలి. విల్లీస్ తరహా జీపుల్లో ఇది సుమారు అర అంగుళం ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే రాడ్డు సర్దుబాటు తప్పింది, లేదా పెడల్ పిన్నులు, బుష్‌లు అరిగాయి. పెడల్ దిగడానికి ఇదీ ఒక కారణమే.

రెండో పరీక్ష: ఒకసారి తొక్కి, పెడల్ ఎక్కడ ఆగిందో ఒక పుల్లతో ఫ్లోరు నుంచి కొలిచి గుర్తు పెట్టండి. కాలు తీసి వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కండి. పెడల్ పైకి వచ్చి రాయిలా గట్టిగా నిలబడితే షూలకు, డ్రమ్‌కు మధ్య సందు పెరిగిందన్నమాట. లైనింగ్ అరిగి ఉండొచ్చు, సర్దుబాటు చేసి చాలాకాలమై ఉండొచ్చు. పాత జీపుల్లో అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది దీన్నే.

మూడో పరీక్ష: అలా తొక్కినప్పుడు పెడల్ పైకి వచ్చినా పాదం కింద స్పాంజిలా మెత్తగా, స్ప్రింగు మీద నిలబడ్డట్టు ఉంటే గొట్టాల్లో గాలి చేరింది. పాతబడిన రబ్బరు హోసు పైపు ఒత్తిడికి ఉబ్బినా ఇలాగే ఉంటుంది. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు హోసును చేత్తో పట్టుకుని చూస్తే ఉబ్బడం తెలుస్తుంది. కొత్త లైనింగ్ వేయించిన వెంటనే పెడల్ మెత్తబడితే, లైనింగ్ వంపు డ్రమ్ వంపుతో కలవడం లేదేమో చూడాలి. అరిగి వెడల్పయిన డ్రమ్‌లో కొత్త లైనింగ్ నడుమ మాత్రమే తగులుతుంది. తొక్కినప్పుడల్లా షూ వంగుతుంది.

నాలుగో పరీక్ష: పెడల్‌ను ఒకే ఒత్తిడితో నిమిషంసేపు తొక్కి పట్టుకోండి. కాలి కింద మెల్లగా కిందికి జారుతుంటే ఆయిల్ తప్పించుకుంటోంది. వెంటనే ఆయిల్ మట్టం చూడండి. మట్టం రోజురోజుకూ తగ్గుతుంటే బయట ఎక్కడో కారుతోంది. బయట ఎక్కడా తడి లేదు, మట్టమూ తగ్గడం లేదు, అయినా పెడల్ జారుతోందంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు రబ్బరు పాడైంది. ఆయిల్ ముందుకు పోకుండా పిస్టన్ పక్కగా మళ్ళీ డబ్బాలోకే వస్తోందన్నమాట. ఇలా జారే బండిని రోడ్డు మీదికి తీయకూడదు.

ఐదో పరీక్ష: నాలుగు చక్రాల లోపలి వైపు, గొట్టాల పొడవునా, మాస్టర్ సిలిండర్ వెనక రబ్బరు టోపీ దగ్గర తడి ఉందేమో చూడండి. వీల్ సిలిండర్ కారితే డ్రమ్ వెనక పళ్ళెం కింది అంచున, టైరు లోపలి గోడ మీద చారలు కనిపిస్తాయి. వెనక చక్రం దగ్గర చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే అది హౌసింగ్ ఆయిల్. ఆక్సిల్ సీలు పోయిందని గుర్తు. దానివల్ల పెడల్ దిగదు కానీ లైనింగ్ నానిపోయి బ్రేకు పట్టదు, లేదా బండి ఒక పక్కకు గుంజుతుంది.

వేడెక్కితేనే దిగుతోందా?

పొద్దున బాగానే ఉండి, ఘాట్ దిగాక పెడల్ కిందికి పోతోందని కొందరంటారు. బండి చల్లారాక మళ్ళీ మామూలవుతుంది. దీనికి రెండు కారణాలు. ఎడతెగకుండా బ్రేకు తొక్కితే డ్రమ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూ నడవాల్సిన దూరం పెరుగుతుంది. రెండోది ఆయిల్ మరగడం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే కుంచించుకుపోతుంది, పెడల్ ఫ్లోరుకు తగులుతుంది.

అందుకే ఘాట్‌లో ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెబుతారు. బండి బరువును ఇంజన్ ఆపాలి, బ్రేకు దానికి తోడు మాత్రమే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు షూ సర్దుబాటు, తర్వాతే గాలి తీయడం

చాలామంది పెడల్ దిగగానే గాలి తీయడం మొదలుపెడతారు. షూలు వదులుగా ఉన్నప్పుడు ఎంత ఆయిల్ పారబోసినా పెడల్ పైకి రాదు. సర్దుబాటుకు జాకీ, స్పానర్ చాలు. ముందు అదే చేయాలి.

ఇక్కడొక హెచ్చరిక. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరు పెట్టె వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీది చిన్న డ్రమ్‌ను పడుతుంది. వెనక చక్రం ఒక్కటి జాకీతో లేపితే ఆ హ్యాండ్ బ్రేకు బండిని ఆపలేదు. లేచిన చక్రం ఒకవైపు, నేల మీది చక్రం ఇంకోవైపు తిరిగి బండి జాకీ మీంచి జారుతుంది. గేరులో పెట్టినా అంతే. కాబట్టి నేల మీదున్న చక్రాలకు రెండు పక్కలా రాళ్ళు పెట్టాలి. జాకీని నమ్మకుండా ఇరుసు కింద గట్టి కొయ్య దిమ్మె ఆనించాలి.

చక్రాన్ని లేపి చేత్తో తిప్పి చూడండి. పైన, కింద పట్టుకుని ఊపండి. లొటలొట ఆడితే బేరింగ్ వదులైందన్నమాట. ముందు దాన్ని సరిచేయాలి. విల్లీస్ తరహా జీపుల్లో డ్రమ్ వెనక పళ్ళెం మీద ఒక్కో షూకు ఒక్కో సర్దుబాటు బోల్టు ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ ఒక బోల్టును షూ డ్రమ్‌కు రాసుకునేదాకా తిప్పాలి. తర్వాత చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకే వెనక్కి వదలాలి. రెండో షూకూ అలాగే చేయాలి. నాలుగు చక్రాలకూ ఇది పూర్తయ్యాక పుల్లతో మళ్ళీ కొలవండి. చాలా బండ్లలో పెడల్ ఇక్కడికే పైకి వస్తుంది. కొన్ని మోడళ్ళలో బోల్టుకు బదులు పళ్ళ చక్రం ఉంటుంది, పళ్ళెం కంతలోంచి స్క్రూడ్రైవరుతో తిప్పాలి.

బోల్టు చివరిదాకా తిప్పినా షూ తగలకపోతే లైనింగ్ అయిపోయింది, లేదా డ్రమ్ అరిగింది. రివిట్ల తలలకు దగ్గరగా అరిగిన లైనింగ్‌ను వెంటనే మార్చాలి. ఒక చక్రానికి మారిస్తే అదే ఇరుసు మీది రెండో చక్రానికీ మార్చాలి, లేకుంటే బండి ఒక పక్కకు గుంజుతుంది. దమ్ము మళ్ళలోంచి, వాగుల్లోంచి తిరిగే బండ్లలో బురద, ఇసుక డ్రమ్ములోకి చేరి లైనింగ్‌ను తొందరగా తినేస్తాయి. అలాంటి బండ్లకు వానాకాలం అయిపోగానే డ్రమ్ములు విప్పి చూసుకోవడం మంచిది.

డ్రమ్ విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకండి, గాలి పంపుతో కొట్టకండి. పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి.

గాలి తీసే పద్ధతి

సర్దుబాటు తర్వాత కూడా పెడల్ మెత్తగా ఉంటేనే గాలి తీయాలి. ఇద్దరు మనుషులు కావాలి. ఫ్లోరు రేకు తీసి, మాస్టర్ సిలిండర్ మూత చుట్టూ దుమ్ము పూర్తిగా తుడిచాకే మూత తెరవండి. ఇసుక రేణువు ఒక్కటి పడినా రబ్బరును కోస్తుంది. మూతలోని సన్నని గాలి కంత మూసుకుపోలేదని చూడండి. ఆయిల్‌ను అంచు వరకు కాక, సుమారు అర అంగుళం తక్కువగా పోయండి.

మన బండ్లలో మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా దూరమైన వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. నిపుల్‌కు సన్నని గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం బ్రేకు ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్‌ను మెల్లగా తొక్కి పట్టుకోవాలి. రెండోవారు నిపుల్ వదులు చేస్తే బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేయాలి. నడుమ నడుమ మట్టం చూస్తూ ఆయిల్ పోయాలి. డబ్బా ఖాళీ అయితే మళ్ళీ గాలి దూరి పని మొదటికొస్తుంది.

పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో పెడల్ కింద చెక్క ముక్క పెట్టి, ఫ్లోరుకు తగిలేదాకా తొక్కకుండా చూసుకోండి. పిస్టన్ రోజూ తిరగని చోట తుప్పు ఉంటుంది. అక్కడిదాకా వెళ్తే కప్పు రబ్బరు చిరుగుతుంది. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ను తిరిగి వాడకూడదు.

గాలి తీశాక కొన్నాళ్ళకే మళ్ళీ మెత్తబడితే గాలి ఎక్కడినుంచో దూరుతోందని అర్థం. కారే చోటును వెతకాలి, ఊరికే గాలి తీస్తూ పోకూడదు.

చేయకూడని పనులు

పెడల్ పైకి రావడానికి రాడ్డును పొడవుగా బిగించి పంపే మేస్త్రీలు ఉన్నారు. వదులు కదలిక అసలే లేకుండా బిగిస్తే, కాలు తీసినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగి వచ్చే సన్న కంత మూసుకుపోతుంది. షూలు డ్రమ్‌ను పట్టుకునే ఉంటాయి. బండి బరువుగా నడిచి, డ్రమ్ములు కాలి, చివరికి దారిలో బిగుసుకుపోతుంది. ఆ అర అంగుళం వదులు ఉండి తీరాలి.

బ్రేకు ఆయిల్ అని మనం పిలిచేది మామూలు నూనె కాదు. దానికి బదులు ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, కిరసనాయిలు, డీజిల్ ఏవీ పోయకూడదు. ఒక్కసారి పోసినా కప్పు రబ్బర్లు ఉబ్బి, మెత్తబడి పాడవుతాయి. అప్పుడు రబ్బర్లు, హోసులు అన్నీ మార్చి, గొట్టాలు శుభ్రం చేయాలి. రబ్బరు సామాను కడగడానికి పెట్రోలు కూడా పనికిరాదు. మీ బండికి చెప్పిన డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్‌నే, సీలు విప్పని డబ్బాలోంచి వాడండి. తెరిచి నెలల తరబడి ఉంచింది తేమ పట్టి ఉంటుంది. ఇది విషం కూడా. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి.

ఒక చక్రం కారుతోందని ఆ గొట్టాన్ని నలగగొట్టి మూసి, మూడు చక్రాల బ్రేకుతో తిప్పడం ఇంకో చెడ్డ అలవాటు. అలాంటి బండి బ్రేకు కొట్టగానే అడ్డం తిరుగుతుంది.

దారిలో పెడల్ పోతే

కంగారుపడి ఇంజన్ ఆపకండి. వెంటవెంటనే పెడల్ కొట్టండి, కొంత పట్టవచ్చు. ఒక్కో గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగండి. ఎగువ వైపు గట్టు, పొద, ఇసుక మేట ఏది దొరికితే దానికి బండిని ఆనించండి. హ్యాండ్ బ్రేకు పనిచేయని పాత జీపులు చాలా ఉన్నాయి. కాలి బ్రేకు పోయిన రోజున అదే చివరి అండ, దాన్నీ బాగుచేయించుకోవాలి.

వాగు దాటాక పెడల్ పైనే ఉన్నా బ్రేకు పట్టకపోతే డ్రమ్ములు తడిశాయన్నమాట. బండిని మెల్లగా నడుపుతూ బ్రేకును తేలిగ్గా తొక్కి పట్టుకుంటే ఆ వేడికి ఆరుతుంది. పట్టు వచ్చిందని చూసుకున్నాకే రోడ్డెక్కాలి.

రైతు చేసుకునేవి, మేస్త్రికి వదిలేవి

తొక్కి చూడటం, ఆయిల్ మట్టం, తడి కోసం వెతకడం, షూల సర్దుబాటు, గాలి తీయడం ఇవి కొంచెం చేయి తిరిగిన రైతు చేసుకోదగ్గవి. మొదటిసారి తెలిసిన మేస్త్రి పక్కన ఉండి చేస్తే మేలు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ విప్పడం, లైనింగ్ బిగించడం, డ్రమ్ లేతు పట్టించడం మేస్త్రి పనులు. సిలిండర్ లోపల గీతలు, తుప్పు గుంతలు ఉంటే కొత్త రబ్బర్లు వేసినా నిలవవు. సిలిండరే మార్చమనాలి. “పెడల్ దిగుతోంది” అని మాత్రమే చెప్పకుండా, “రెండోసారి తొక్కితే గట్టిగా నిలుస్తోంది” అనో, “పట్టుకుంటే జారుతోంది, మట్టం తగ్గడం లేదు” అనో చెప్పండి. అప్పుడు అక్కర్లేని సామాను బిల్లులోకి రాదు.

15 ఏళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు వేళ తనిఖీ ఉంటుంది. బ్రేకును ఆ ఒక్క రోజు కోసమే బాగుచేయిస్తే చాలదు. వారానికోసారి ఆయిల్ మట్టం చూడండి. రెండేళ్ళకోసారి పాత ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది పోయించండి. రోజూ బండి కదిలించేముందు ఒకసారి తొక్కి చూడండి. నిన్నటికన్నా పెడల్ కిందికి దిగితే ఆ రోజు కూలీలను ఎక్కించుకోకండి. కారణం దొరికాకే బండి తీయండి.